సింకు కింద బకెట్టు

మన మెస్సులో చేతులు కడుక్కునే కొళాయిలు దాటి లోపలికి నాలుగడుగులు వేస్తే అంట్లు తోమే గది వస్తుంది. అందులో వరసగా మూడు స్టీలు సింకులు. నడిమి సింకు కింద ఒక నీలం బకెట్టు. ఫస్టియర్లో చేరిన వారంలో మొదటిసారి చూశాను, అప్పుడది ఎర్ర బకెట్టు. మధ్యలో కొన్నాళ్ళు పెయింటు డబ్బా పెట్టారు. ఇప్పుడు నాకు థర్డియర్ రెండో సెమిస్టరు నడుస్తోంది. బకెట్లు మారుతున్నాయి, పైనుంచి కారేది మాత్రం అదే.

క్లబ్బు వాళ్ళు అభిప్రాయ వ్యాసం అడిగినప్పుడు ప్లేస్‌మెంట్ల మీదో, మాతృభాష మీదో రాస్తాననుకుని ఉంటారు. రెండింటి మీదా మన పత్రికలో చాలానే వచ్చాయి. నేనూ ఒకటి రాశాను, ఎవరూ చదివినట్టు లేదు. అందుకని ఈసారి ఆ బకెట్టు మీద రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. హోటలైనా, హాస్టలు మెస్సయినా, పదిమందికి వండిపెట్టే చోట సింకు తూము అరిగిపోతే దానికి అతుకులు వేసుకుంటూ రోజులు నెట్టకూడదు. తీసేసి కొత్తది వేయాలి. ఎప్పుడు వేయాలన్నది ఆ సింకు ముందు నిలబడే మనిషి మాట మీద జరగాలి. ఇప్పుడు జరుగుతున్నది గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి మాట మీద.

తూము అనగానే చాలామందికి చెరువు తూము గుర్తొస్తుంది. మా రాయచోటి వైపు ఇంట్లో నీళ్ళు బయటికి పోయే బెజ్జాన్ని కూడా తూము అనే అంటాం. ప్లంబర్లు కప్లింగు అంటారు. కొందరు జాలీ అంటారు. నిజానికి జాలీ అంటే పైన కనిపించే చిల్లుల బిళ్ళ మాత్రమే. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే మా నాయన ప్లంబరు. తూములు మార్చాలని రాయడం వల్ల నాకు సొంత లాభం ఉందని మీకు అనుమానం రావచ్చు. ఉంది. నా సెమిస్టరు ఫీజులో కొంత ఆ తూముల్లోంచే వచ్చింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నాయన వెంట పానాలు మోసుకుంటూ పనికి పోయాను. ఒక మధ్యాహ్నం మూడు గంటలప్పుడు బస్టాండు దగ్గరి హోటలు నుంచి ఫోను వచ్చింది. సంగటీ నాటుకోడి పులుసూ బాగా అమ్ముడుపోయే హోటలు. పేరు రాయను, మా ఊరోళ్ళు ఎలాగూ ఊహించుకుంటారు, ఆ ఊహ తప్పే అయి ఉంటుంది. పోయేసరికి ఓనరు వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"నీళ్ళు జనాలు తినేకాడికి వచ్చాండాయన్నా. ముందునుంచీ కారేది గానీ ఇంత ల్యాకుండె."

ముందునుంచీ కారేది. ఈ ముక్క తర్వాత చాలా హోటళ్ళలో విన్నాను. కారడం ఎవరికీ సమస్య కాదు. కారిన నీళ్ళు గిరాకీ కాళ్ళకు తగిలితేనే సమస్య.

సింకు కింద దూరి టార్చి వేసి చూశాను. కప్లింగు చుట్టూ ఎంసీల్ ముద్దలు ఒకదానిమీద ఒకటి, కొన్ని ముదురు బూడిద రంగు, కొన్ని లేత బూడిద. జియాలజీ పుస్తకంలో రాతి పొరల బొమ్మలాగే ఉంది. వాటి సందులో సైకిలు ట్యూబు ముక్క చుట్టి పైన ఇనుప తీగ బిగించారు. ఆ పొరల్లో రెండు నాయన వేసినవేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఇక ట్రాపు ఉండాల్సిన చోట ట్రాపే లేదు. మాటిమాటికీ పూడిపోతోందని ఎప్పుడో తీసేసి, పైపును నేరుగా బయటి కాలవలోకి వదిలారు. లోపలినుంచి వచ్చే వాసన సంగతి వదిలేయండి, బొద్దింకలు దర్జాగా ఎక్కి దిగుతున్నాయి.

అంట్లు తోమే ఆమె వయసు మా పిన్నమ్మ వయసు ఉంటుంది. పిన్నమ్మా అనే పిలిచాను. సింకు బెజ్జంలో ఒక పాత గుడ్డ కుక్కి ఉంది.

"దీనికి మూత లేదా పిన్నమ్మా?"

"మూత పోయి రెండేండ్లయింది నాయనా. ఈ గుడ్డ పెడతా. సగం బోకులు తోమేలోగా నీళ్ళన్నీ దిగిపోతాయి. ఇంగ సూసి సూసి కొళాయి ఇడిసిపెట్టే తోముతాండా."

ఆమె కాలివేళ్ళ సందులు నాని తెల్లగా పాలిపోయి, అక్కడక్కడ పగిలి ఉన్నాయి. పొద్దున ఏడునుంచి రాత్రి పదిదాకా ఆ కారే నీళ్ళలోనే నిలబడుతుంది. ఓనరుకు చెప్పలేదా అని అడిగితే, చెప్పినా అంది, అంతే. ఎన్నిసార్లు అని నేనూ అడగలేదు.

కొళాయి విడిచిపెట్టే తోముతాండా అన్న మాట నన్ను పట్టుకుంది. రాయచోటిలో నీళ్ళ సంగతి మా సీమ వాళ్ళకు చెప్పక్కర్లేదు, కోస్తా మిత్రుల కోసం రెండు ముక్కలు. మా ఊరి పక్కన మాండవ్య నది ఉంది, వానొస్తేనే అది ఏరు. వెలిగల్లు నుంచి నీళ్ళు వస్తాయి, అవీ ఎండాకాలం అందరికీ చాలవు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులొచ్చాయి, మనుషులొచ్చారు, హోటళ్ళు పెరిగాయి. భూమిలో నీళ్ళు మాత్రం పెరగలేదు. హోటళ్ళు ట్యాంకరు మీద బతుకుతాయి.

అక్కడే బకెట్టు పెట్టి ఫోన్లో టైము చూశాను. ఇరవై లీటర్ల బకెట్టు రెండు నిమిషాలకు నిండింది. నిమిషానికి పది లీటర్లు. మధ్యాహ్నం భోజనాల తర్వాత గంటన్నర పాటు ఆ కొళాయి ఆగదని పిన్నమ్మ చెప్పింది. అంటే తొమ్మిది వందల లీటర్లు. అదే సింకులో మూత ఉండి నీళ్ళు నిలబడితే ఎంత పడుతుంది? రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు సింకు. నాలుగు ఘనపుటడుగులు, 113 లీటర్లు. ముప్పావు నింపితే 85. సబ్బు నీళ్ళకొకటి, కడగడానికొకటి, రెండు సింకులూ మూడేసి సార్లు మార్చినా 510 లీటర్లు. పూటకు 390 లీటర్లు తేడా. రాత్రి పూట కూడా కలిపితే రోజుకు 780. వారం తిరిగేసరికి అయిదువేల లీటర్ల ట్యాంకరు ఒకటి ఊరికే కాలవలో పోతోంది. ఆ ఒక్క ట్యాంకరు డబ్బుల్లో మూతలున్న స్టీలు కప్లింగులు రెండు వచ్చి, నాయన కూలీ కూడా దాదాపు సరిపోతుంది.

ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి ఓనరుకు చూపించాను. ఆయన శ్రద్ధగా చూశాడు. బాగా సదువుకుంటాండావు నాయనా అన్నాడు. తర్వాత మా నాయనవైపు తిరిగి, "ఇప్పటికి కారేది నిలపన్నా సాలు. పెండ్లిండ్ల సీజను పోనీ, అప్పుడు సూద్దాం" అన్నాడు.

నాయన సంచీలోంచి ఎంసీల్ తీశాడు.

బండి మీద వచ్చేటప్పుడు నేను ఊరుకోలేదు. పోతుందని తెలిసీ ఎందుకు అతికించావు, గట్టిగా చెప్పొచ్చు గదా అన్నాను. నాయన కాసేపు ఏమీ అనలేదు. రాయచోటి సర్కిళ్ళలో ఆటోలు తప్పించుకోవడానికే ఆయనకు ధ్యాస చాలదు. తర్వాత అన్నాడు: "అడిగిన పని జేయాల. మార్చాలంటే మార్చాల, అతకాలంటే అతకాల. నేను గట్టిగా సెప్తే ఇంగోన్ని పిలుచ్చాడు. వాడూ ఎంసీలే పెడతాడు."

దీనికి జవాబు నా దగ్గర ఇప్పటికీ పూర్తిగా లేదు. నాయన తప్పు చేశాడని నేను అనుకోను. అట్లని ఆ మాటను ఒప్పుకోనూ లేను.

పదకొండు రోజులకు మళ్ళీ ఫోను. ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర, హోటలు కిటకిటలాడే టైము. ఎవరో వార్చిన గంజి మొత్తం ఒకేసారి సింకులో పోశారట, కప్లింగు ఎంసీలుతో సహా ఊడి కింద పడింది. నేల మీద గంజి. ఖాళీ సంగటి గిన్నె ఎత్తుకుని వస్తున్న పిన్నమ్మ జారి పడింది. ఎముక విరగలేదు, మణికట్టు వాచింది. పది రోజులు పనికి రాలేకపోయింది. ఆ పది రోజుల కూలీ ఎవరిచ్చారని మీరు అడగరనే అనుకుంటా. హోటలు ఆ పూట మూసేశారు. కొత్త కప్లింగులు రెండూ, ట్రాపులతో సహా, బిగించడానికి మాకు పట్టింది గంటా ఇరవై నిమిషాలు. అందులో అరగంట పాత ఎంసీలు చెక్కడానికే పోయింది.

తూము ఎందుకు పోతుందో మెకానికల్ వాడిగా కొంచెం చెప్పాలి. సిలబస్‌లో ఎక్కడా లేదు, కానీ సిలబస్ అంతా అందులో ఉంది.

కప్లింగు నిర్మాణం చాలా తేలిక. సింకు రేకుకు పైన ఒక అంచు, కింద ఒక రబ్బరు వాచరు, ఆ రెంటి మధ్య రేకును నొక్కి పట్టే చెక్ నట్టు. నీళ్ళు కారకుండా ఆపేది ఆ రబ్బరు ఒక్కటే. మామూలు రబ్బరుకు నూనె పడదు, పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. వేడి తగిలి తగిలి కొన్నాళ్ళకు బిరుసెక్కి పగులుతుంది. హోటలు సింకులోకి రోజూ పోయేవి సరిగ్గా ఆ రెండే. కప్లింగు ప్లాస్టిక్‌దైతే ఇంకో తంటా. పీవీసీ ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది, పొయ్యి మీదినుంచి దించి వార్చిన గంజి అంతకంటే వేడి. పైగా స్టీలు కంటే మూడు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. రోజుకు ఇరవైసార్లు ఉబ్బి కుంచించుకుపోతే నట్టు వదులు కాక ఏమవుతుంది.

స్టీలుదైనా చిరంజీవి కాదు. ఉప్పులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును కూడా సూది మొనంత గుంటలు చేసుకుంటూ తింటుంది. ఎంసీల్ సంగతి ఇక్కడే అర్థం చేసుకోవాలి. అది చెడ్డ సరుకు కాదు, దాని పని అది చేస్తుంది. కానీ తడి మీద, జిడ్డు మీద పెడితే పూర్తిగా అంటుకోదు. అతుక్కి, లోహానికి మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఉప్పునీళ్ళు ఆ సందులో చేరి కదలకుండా నిలబడతాయి, లోపలికి గాలి అందదు. అలాంటి సందులో తుప్పు బయటికంటే వేగంగా నడుస్తుంది. దీన్నే మెటలర్జీలో క్రెవిస్ కొరోజన్ అని రెండు మార్కుల ప్రశ్నగా చదివి రాసి మర్చిపోయాం. అతుకు వేసి జబ్బును ఆపామనుకుంటాం. జబ్బును కనపడకుండా మూసి, దానికి తిండి పెడుతున్నాం.

ఇక పూడుకుపోవడం. మా ఊళ్ళో బోరు నీళ్ళు కఠినజలం. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో ఈడీటీఏతో టైట్రేషన్ చేసి, రీడింగు పక్కోడిది చూసి రాసుకున్నాం కదా, ఆ కాఠిన్యమే. నీళ్ళలోని కాల్షియం, వాడిన నూనెలోంచి విడివడిన కొవ్వు ఆమ్లాలతో కలిస్తే కాల్షియం సబ్బు తయారవుతుంది. ఇది నురగ ఇచ్చే సబ్బు కాదు, సున్నంలా గట్టిపడి పైపు గోడలకు పట్టేది. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలవలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల ముద్ద దొరికిందంటే దాని వెనక ఉన్నది కూడా కొవ్వే. మా దగ్గర దానికి సంగటి తోడు. గిన్నె అడుగున పట్టిన రాగి సంగటిని నానబెట్టి గీకి తూములో వదిలితే, ఎండాక దాన్ని ఉలితో కొట్టాల్సిందే. నాయన దగ్గర అందుకోసం ఒక పాత స్క్రూడ్రైవరు విడిగా ఉంది.

ట్రాపు తీసేయడం గురించి కూడా ఒక మాట. పైపులో కావాలని పెట్టే ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలబడి, కాలవలోని గాలి పైకి రాకుండా అడ్డుపడతాయి. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డి కోసం ఈ వంపుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంత చిన్న వంపు ఎంత ముఖ్యమో 2003లో హాంకాంగ్‌లో తెలిసొచ్చింది. అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో బాత్‌రూము నేల తూముల ట్రాపులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు పోసి కడగడం మానేసి తడిగుడ్డతో తుడుచుకోవడం అలవాటు అయ్యాక వాటిలో నీళ్ళు నిలవలేదు. సార్స్ వైరసు ఆ పైపుల గుండా ఇంటినుంచి ఇంటికి పాకి మూడు వందల మందికి పైగా జబ్బు పడ్డారు. అక్కడ ట్రాపులు ఎండిపోయాయి. మనం తీసి గోడ పక్కన పెడుతున్నాం.

ఇదంతా ఎవరికీ తెలియని విద్య కాదు. ఆహార భద్రత సంస్థ 2011 నిబంధనల్లో నాలుగో షెడ్యూలు అని ఒకటుంది. వంటశాలలో మురుగు నీరు పోయే ఏర్పాటు ఎలా ఉండాలో అందులో ఉంది. గోడకు లైసెన్సు ఫ్రేము కట్టి తగిలించిన హోటళ్ళలోనే గుడ్డ కుక్కిన తూములు చూశాను. రూలు ఉండటం వేరు, దానికంటూ ఒక మనిషీ, ఇంత డబ్బూ ముందే తీసిపెట్టడం వేరు.

ఈ రెండోది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడ 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలని, చెరువుకు ఆరు దోషాలు ఉంటాయని చెక్కించారు. ఆ ఆరింటిలో మొదటిది ఏమిటో తెలుసా? కట్టలోంచి నీరు ఊరడం. నేల చవుడు కావడం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, ఇలాంటివన్నీ దాని తర్వాతే వచ్చాయి. మన శాసనాల మీద క్లబ్బులో ఉపన్యాసాలు విన్నాం, ఫొటోలు దిగాం. కారడమే మొదటి దోషం అన్న సంగతి మాత్రం మన మెస్సుదాకా రాలేదు.

చెరువు కట్టి ఊరుకోలేదు కూడా. రాయలసీమలో దశబంధం అని ఒక పద్ధతి ఉండేది. చెరువు కట్టినవాళ్ళకు, దాన్ని బాగుచేస్తూ ఉండేవాళ్ళకు భూమి ఇనాంగా ఇచ్చేవాళ్ళు. ఆ భూమి అనుభవించేవాడు చెరువును కనిపెట్టి చూసుకోవాలి. బ్రిటిషు వాళ్ళొచ్చాక కూడా కడప, కర్నూలు వైపు దశబంధం ఇనాములు నడిచాయి. అందరూ నిజాయితీగా చేశారని నేననను, ఇనాం తిని చెరువును పూడబెట్టినవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ ఆ ఆలోచన చూడండి. తెగిన రోజు చందాలు ఎత్తడం కాదు, తెగకముందే ఒకరికి పనీ, దానికి రాబడీ రాసిపెట్టడం. ఒక హోటలు గానీ, ఆరు వందల మంది తినే మెస్సు గానీ నెలకు ఎంత గ్యాసు, ఎంత బియ్యం, ఎంత జీతం అని రాసుకుంటుంది. తూములు, వాచర్లు, కొళాయిలు అని ఒక గడి నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు.

పెద్దవాటిలోనూ ఇదే కథ. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అనంతపురం, కర్నూలు, కడప రైతుల నీళ్ళు కళ్ళముందే పోతుంటే రాష్ట్రమంతా టీవీలకు అతుక్కుంది. కన్నయ్య నాయుడు గారు దగ్గరుండి, పారే నీళ్ళలోనే స్టాప్‌లాగు గేటు దింపించి వారంలోపు ఆపించారు. ఆయన్ని అందరం మెచ్చుకున్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ గొలుసు ఆ రాత్రే అరగలేదు. తెగాక నిలబెట్టినవాడు మనకు కనపడతాడు. తెగకముందు మార్చినవాడి పేరు ఎవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ చెప్పుకోడానికి ఏమీ జరగలేదు.

అవతలి వైపు మాట కూడా వినాలి. అన్నీ ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోతే హోటలు నడిచేదెట్ల అని ఓనర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. షాపు బాడుగది, సింకు బిల్డింగు ఓనరుది, ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలదు. రెండు గంటలు సింకు ఆపితే ఒక పూట వ్యాపారం పోతుంది. మార్కెట్లో స్టీలు అని చెప్పి రంగు పూసిన ప్లాస్టిక్ అమ్మేవాళ్ళున్నారు, కొత్తది వేసినా ఏడాదికే పోతుంది. ఇవన్నీ నిజాలే. అందుకే కనపడిన ప్రతి తూమూ పీకెయ్యమని నేను చెప్పడం లేదు. నాయన పద్ధతి ఒకటుంది, నాకు నచ్చింది. రాత్రి పని అయ్యాక సింకు నింపి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయాలి. కింద పొడి పేపరు పరచాలి. పావుగంట తర్వాత చూడాలి. గీత దగ్గర మట్టం దిగి, పేపరు పొడిగా ఉంటే మూత పోయినట్టు, మూత మార్చుకో. పేపరు తడిస్తే నట్టు విప్పి చూడు. అంచు బాగుండి రబ్బరు మాత్రమే పోతే రబ్బరు మార్చు, ఇరవై ముప్పై రూపాయల పని. అంచు మీద గోరుకు గుంటలు తగిలితే, మర అరిగి నట్టు జారుతుంటే, ఇంక దానికి అతుకు వేయొద్దు. ఈ పరీక్షకు ప్లంబరు అక్కర్లేదు. అసలు ఆ సింకులో రోజూ తోమే మనిషికి సుద్ద ముక్క కూడా అక్కర్లేదు, ఆమెకు తెలుసు. ఆ హోటల్లో పిన్నమ్మకు రెండేండ్ల ముందే తెలుసు.

నేను ఓనరుకు చూపించిన అట్టముక్క లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు కాలేజీకి తిరిగొచ్చాక తట్టింది. అందులో నీళ్ళు ఉన్నాయి, డబ్బులు ఉన్నాయి. ఆమె కాళ్ళు లేవు. ఓనరును డబ్బుతో ఒప్పిద్దామనుకుని ఆమెను నేనే వదిలేశాను. పైగా డబ్బు లెక్కకు కూడా ఆయన ఒప్పుకోలేదు.

అందుకని మన మెస్సు సంగతికి వచ్చేసరికి వేరే రకంగా మొదలుపెట్టాను. పోయిన నెల నేనూ, ఇద్దరు రూమ్మేట్లూ కలిసి మెస్ కమిటీకి ఒక అర్జీ రాశాం. నడిమి సింకు కప్లింగు మార్చాలి. మూడింటికీ మూతలు, ట్రాపులు పెట్టాలి. గోడ మీద ఒక కాగితం అంటించి, ఏ తూము ఎప్పుడు మార్చారో, ఎప్పుడు చూశారో తేదీ వేయాలి. కారుతోందని తోమే అక్కలు చెబితే మూడు రోజుల్లో ప్లంబరు రావాలి. కింద మా సంతకాలు పెట్టి, అన్నిటికంటే పైన ఆ అక్కల సంతకాల కోసం చోటు వదిలాం. వాళ్ళ మాట మీదే జరగాలని కదా నా వాదన. నా ఆలోచన నాకే చాలా గొప్పగా అనిపించింది.

రాత్రి భోజనాలయ్యాక కాగితం తీసుకుని లోపలికి పోయాను. ఇద్దరక్కలూ గిన్నెలు బోర్లిస్తున్నారు. చదివి వినిపించాను. పెద్దక్క నవ్వింది. "బాగుంది నాయనా. మా పేర్లొద్దులే. కాంట్రాక్టరు చూస్తే రేపట్నుంచి ఇంకో ఇద్దర్ని పెట్టుకుంటాడు. మీకేం, మీరు ఏడాదికి పోతారు." అని బకెట్టు ఎత్తి కాలవలో వంపేసి, మళ్ళీ అదే చోట పెట్టింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి నాయనకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. ఇంగోన్ని పిలుచ్చాడని నేను చెప్పినప్పుడు నీకు అర్థం కాలేదులే అన్నాడు.

అర్జీ మళ్ళీ రాశాం. ఈసారి అందులో అక్కల పేర్లు లేవు, వాళ్ళు చెప్పారన్న మాటా లేదు. కారుతోందని మేమే చూశామని రాశాం. సుద్ద గీత, పేపరు పరీక్ష మేమే చేసి మూడు రాత్రుల ఫొటోలు పెట్టాం. మూడు రాత్రులూ పేపరు తడిసింది. మూడు రోజుల్లో ప్లంబరు రావాలన్న మాట అట్లాగే ఉంచాం, ఎవరు చెబితే అన్నది మాత్రం 'ఎవరు చెప్పినా' అని మార్చాం. అక్కలు నోటితో చెబితే మెస్ కమిటీకి రాసిచ్చే పని వారానికొకరం తీసుకుంటాం.

సోమవారం ఇస్తున్నాం. ఇప్పటికి పంతొమ్మిది సంతకాలు అయ్యాయి. కాగితం రెండో అంతస్తు నోటీసు బోర్డు పక్కన పిన్ను చేసి ఉంది. పెన్ను కూడా దారంతో కట్టాను, ఎవరూ ఎత్తుకుపోకపోతే ఉంటుంది. కింద ఇంకా చాలా ఖాళీ ఉంది.